టేపు ముందు, కంప్యూటర్ వెనక: రెండింటినీ కలిపి నడిపే పద్ధతి

టేపు మెషీన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేసారి ప్లే నొక్కితే పల్లవి కలిసే వస్తుంది. రెండో చరణానికి మృదంగం దెబ్బ రెండుగా వినబడుతుంది. కంప్యూటర్ గడియారం క్వార్ట్జ్ స్ఫటికం మీద నడుస్తుంది. టేపును లాగేదేమో క్యాప్‌స్టన్ (తిరిగే లోహపు కడ్డీ), రబ్బరు రోలర్. రీలు నిండుగా ఉన్నప్పుడు ఒక బిగువు, ఖాళీ అయ్యేటప్పుడు ఇంకో బిగువు. వేగంలో 0.1 శాతం తేడా వచ్చినా నాలుగు నిమిషాల పాట 240 మిల్లీసెకన్లు పక్కకి పోతుంది. అందుకే టేపును దాని దారిన పోనిచ్చి, కంప్యూటర్‌ని దాని వెంట నడిపించాలి.

ముందు మెషీన్ సంగతి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చినదైతే మోటారు ఏ రకమో చూడండి. ఏసీ సింక్రనస్ మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది: అక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో కొన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే గాని ఫ్రీక్వెన్సీని మార్చదు. వేరేచోట రికార్డు చేసిన టేపు దాని మీద ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. డీసీ సర్వో మోటారుకి ఈ బెడద లేదు.

హెడ్లనూ క్యాప్‌స్టన్‌నూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. చెన్నై ఉక్కపోతలో ఏళ్ల తరబడి ఉన్న టేపు గోధుమరంగు పొడి రాలుస్తుంటే దాన్ని ఈ పనికి వాడకండి. ఆ పొడి హెడ్ మీద పేరుకున్న చోటల్లా టైమ్‌కోడ్ తెగిపోతుంది.

టైమ్‌కోడ్ అంటే టేపు ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పే సంకేతం, ఇక్కడ వాడేది ఎల్‌టీసీ (లీనియర్ టైమ్‌కోడ్). మామూలు ఆడియో ట్రాక్‌లో కూర్చునే కీచు శబ్దం అది. ప్రతి ఫ్రేములో 80 బిట్లుంటాయి, ఒక్కో ఫ్రేముకి గంట, నిమిషం, సెకను, ఫ్రేము సంఖ్య ఉంటాయి. సెకనుకి 25 ఫ్రేములు పెట్టుకోండి, అంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. నాలుగు ట్రాక్‌ల మెషీన్‌లో దీనికి అంచున ఉన్న 4వ ట్రాక్ ఇవ్వాలి. వీలైతే 3వ దాన్ని ఖాళీగా వదలండి, లేదా గట్టిగా మోగే డ్రమ్స్ లాంటివి పెట్టండి. తంబురనో నెమ్మదైన గొంతునో పెడితే కీచు లోపలికి చొరబడుతుంది.

రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్సర్ట్ మెనూలో ఎస్‌ఎమ్‌పీటీఈ ఎల్‌టీసీ జనరేటర్ ఉంటుంది. దాని ప్రాపర్టీస్‌లో 25 ఫ్రేములు, మొదలు 01:00:00:00 అని పెట్టండి. సున్నా నుంచి మొదలుపెడితే, పాట మొదటికి ముందు టేపు ఉన్నప్పుడు కోడ్ 23 గంటల్లోకి పోయి సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. నాయిస్ రిడక్షన్ ఆ ట్రాక్‌కి ఆపేయండి. డీబీఎక్స్ లాంటి నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే కోడ్ ఆకారం చెడుతుంది. ఈక్వలైజర్, లిమిటర్ కూడా వద్దు. మీటరు -5 దగ్గర మొదలుపెట్టండి. మొదట ఒక నిమిషం రాసి, వెనక్కి తిప్పి, కోడ్ తెగకుండా చదువుతోందో లేదో చూడండి. తెగితే కాస్త పెంచండి, పక్క ట్రాక్‌లో కీచు వినబడితే తగ్గించండి. సరిపోయాక టేపు మొత్తం ఒకే ఊపులో రాసేయండి. మధ్యలో ఆపి అతికించిన కోడ్ అక్కడే దెబ్బతీస్తుంది.

ఇక వెంబడించడం. 4వ ట్రాక్ అవుట్‌పుట్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లో ఒక ఇన్‌పుట్‌కి కలిపి, రీపర్‌లో ప్లే బటన్ మీద కుడి క్లిక్ చేసి ఎక్స్‌టర్నల్ టైమ్‌కోడ్ సెట్టింగ్స్ తెరవండి. ఎల్‌టీసీ ఎంచుకుని ఆ ఇన్‌పుట్ చూపించండి. ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో కూడా ఫ్రేములు 25 ఉండాలి. సంగీతం మొదలవ్వడానికి కనీసం పది సెకన్ల ముందు నుంచి టేపు నడపండి. వేగం కుదురుకుని కంప్యూటర్ పట్టుకోవడానికి ఆ కాస్త వ్యవధి కావాలి.

సాధారణంగా ఇక్కడే పొరపాటు పడతారు. కోడ్ చదవగానే అంతా అతుక్కుపోయిందనుకుంటారు. మిడి ట్రాక్‌లు టేపు వేగాన్ని బాగానే అనుసరిస్తాయి, ఎందుకంటే అవి ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే వట్టి సూచనలు. ఆడియో మాత్రం ఇంటర్‌ఫేస్ గడియారం మీదే ఆడుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని మధ్యమధ్య జరుపుతుంటే టిక్ మన్న చప్పుడు రావచ్చు, జరపకపోతే పాట జారిపోతుంది. అందువల్ల ఈ వెంబడింపుని పాడేటప్పుడూ వాయించేటప్పుడూ వినడానికే వాడండి, చివరి మిక్స్‌కి వద్దు.

మిక్స్‌కి టేపు ట్రాక్‌లన్నిటినీ ఒకే విడతలో కంప్యూటర్‌లోకి ఎక్కించండి, కోడ్‌తో సహా. రెండు ఇన్‌పుట్‌లే ఉంటే ఒక దాంట్లో కోడ్, మరో దాంట్లో సంగీతం. ఏ రెండు విడతలూ ఒకే వేగంతో నడవవు, కాబట్టి ప్రతి విడతకీ కోడ్ ఉండాలి. ఆ తర్వాత పాట ముందు ఒకటి, చివర ఒకటి ఉన్న చప్పట్ల గుర్తులు చూసి నిడివి సరిచేయండి. కంప్యూటర్‌లో 240 సెకన్ల దగ్గర ఉండాల్సిన చప్పట 240.36 దగ్గర వచ్చిందంటే, ప్లే రేట్ 1.0015. శ్రుతిని కాపాడే ఆప్షన్ తీసేయండి. టేపు నెమ్మదించినప్పుడు శ్రుతి కూడా తగ్గింది కదా, అది 2.6 సెంట్లు (స్వరస్థానంలో నూరో వంతు ఒక సెంటు) వెనక్కి ఎక్కుతుంది. మధ్యలోనూ ఊగుతుంటే ముప్పై సెకన్లకొక గుర్తు పెట్టి ముక్కలుగా సరిచేయండి.

మూడు హెడ్ల మెషీన్‌లో ఇంకో చిక్కు. కోడ్‌ని ప్లేబ్యాక్ హెడ్ నుంచి చదువుతూ, సంగీతాన్ని రికార్డ్ హెడ్ నుంచి సింక్ మోడ్‌లో వింటే, రెండు హెడ్ల మధ్య దూరం అంతా ఆలస్యమే. 4 సెంటీమీటర్ల దూరం, సెకనుకి 19.05 సెంటీమీటర్ల వేగం అయితే 210 మిల్లీసెకన్లు. అన్ని ట్రాక్‌లనూ ఒకే హెడ్ నుంచి చదివించండి.