కూర ముందు, అన్నం తర్వాత: షుగర్ ఉన్నవాళ్లు కంచం సర్దుకునే పద్ధతి

నాకు షుగర్ బయటపడి ఆరేళ్లయింది. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని, మాత్ర వేసుకుని ఊరుకోలేకపోయాను. తిన్నాక లోపల ఏం జరుగుతుందో చదువుకుని ఈ పద్ధతి అలవాటు చేసుకున్నాను.

మధ్యాహ్నం ముందుగా కూర ఒక్కటే వడ్డించుకోండి. బీరకాయో, సొరకాయో ఒక కప్పు, పక్కన చిక్కటి పప్పు లేదా ఉడికించిన గుడ్డు. మన కూరల్లో ఉప్పూ కారం అన్నంలో కలుపుకోవడానికి సరిపడా వేస్తాం కదా, ఉత్త కూర నోటికి ఘాటుగా తగులుతుంది. అందుకే నా వాటా కూర ఉప్పు పడకముందే విడిగా తీసి, చిటికెడు మాత్రం వేసుకుంటాను. ఇది చేయకపోతే పద్ధతి రెండు రోజులు కూడా సాగదు.

తర్వాత పది, పదిహేను నిమిషాలు ఆగండి. అసలు పనంతా అప్పుడే జరుగుతుంది. తాలింపు వాసన తగలగానే మెదడు, తననుంచి పొట్ట దాకా సాగే వేగస్ నాడి ద్వారా పొట్టకూ క్లోమానికీ కబురు పంపుతుంది. కూర, పప్పు పేగులోకి దిగాక అక్కడి కణాలు వాటిని పసిగట్టి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వదులుతాయి. రక్తంలో అది రెండు నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. అయినా ఆలోపే పక్కనున్న వేగస్ నాడి కొసలను తట్టి మెదడుకు సంగతి చేరవేస్తుంది, క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. పొట్ట కూడా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అన్నం ఆ తర్వాత వెళ్తే చక్కెర ఒక్కసారిగా రక్తంలో పడదు. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల వాళ్లు షుగర్ ఉన్న 11 మందితో ఇలాగే బ్రెడ్డు చివర్లో తినిపించి చూస్తే, తిన్న తర్వాతి షుగర్ తగ్గింది.

రెండోసారి అన్నం పెట్టుకునే ముందు కూడా కాసేపు ఆగండి. రక్తంలోని గ్లూకోజును మెదడు నేరుగానూ గమనిస్తుంది. 1960లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్ బృందం జంతువుల మీద దీన్ని చూపించింది: గ్లూకోజు పెరిగితే, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలో తృప్తి కేంద్రం చురుకవుతుంది, ఆకలి కేంద్రం నెమ్మదిస్తుంది. దానికి కొంత సమయం ఇవ్వాలి.

మీ ఒంటికి ఎంత పనిచేస్తుందో మీటరుతో చూసుకోండి. ఒకే వంట, ఒకే కొలత, రెండు రోజులు రెండు వరుసల్లో తిని, మొదటి ముద్ద నుంచి సరిగ్గా రెండు గంటలకు పరీక్షించండి. చేతులు కడిగి బాగా తుడుచుకోండి, వేలికి పండు రసం అంటి ఉంటే అంకె తప్పొస్తుంది. నాకు అన్నం ముందు తిన్న రోజు 214, కూర ముందు తిన్న రోజు 171 వచ్చింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం డాక్టరుగారికి చెప్పాకే మొదలుపెట్టండి, షుగర్ మరీ పడిపోవచ్చు.

పెళ్లి భోజనాల్లో టెన్షన్ అక్కర్లేదు. విస్తట్లో కూరలు ముందే వడ్డిస్తారు. అన్నం వచ్చేలోపు అవి తినేయండి, స్వీటు పక్కకు జరిపి పెట్టుకుని చివర్లో కొంచెం తినండి.