లైబ్రరీలో మార్చిన బ్లాక్ డ్రాయింగులో మారకపోతే: సమస్య - పరిష్కారం

కంప్యూటరులో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లో ఒక బ్లాక్‌కు (పేరు పెట్టి మళ్లీ మళ్లీ వాడుకునే తలుపు, గది వంటి బొమ్మకు) చేసిన మార్పు మూడు చోట్లలో ఎక్కడైనా నిలవవచ్చు: షీటు మీద ఉన్న ఆ ఒక్క ప్రతిలో, ఆ డ్రాయింగు లోపల దాగి ఉండే నిర్వచనంలో (ప్రతులన్నిటికీ మూలమైన రూపంలో), లేదా ఆఫీసు లైబ్రరీ ఫైలులో. ఒక చోట సేవ్ చేసి మరొక చోట వెతకడం వల్లనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పుడుతుంది.

సమస్య ఏ రూపంలో కనిపించినా సరే, ముందుగా ఆ వస్తువును ఎంచుకొని, దాని వివరాలు చూపే లిస్ట్ కమాండ్ ఇవ్వండి. బ్లాక్ రిఫరెన్స్ (బ్లాకు ప్రతి) అని కాక పాలీలైన్ అనో లైన్ అనో చూపిస్తే, ఎవరో దాన్ని ఎక్స్‌ప్లోడ్ చేశారన్నమాట, అంటే విడి గీతలుగా విడగొట్టారు. అది ఇక ఏ నిర్వచనానికీ చెందదు కనుక చెరిపి కొత్తగా చొప్పించవలసిందే. అర నిమిషం పట్టే ఈ పరీక్షను వదిలేసి సాఫ్ట్‌వేర్‌నే తీసి మళ్లీ వేసుకున్నవారు ఉన్నారు.

నిన్న మార్చినది నేడు పాత రూపంలో కనిపిస్తే, బ్లాక్ ఎడిటర్ మూసేటప్పుడు సేవ్ చేసి, డ్రాయింగును మాత్రం సేవ్ చేయకుండా వదిలి ఉంటారు. డ్రాయింగును సేవ్ చేసినా ఆ మార్పు లైబ్రరీకి చేరదు. అందుకు బ్లాకును విడి ఫైలుగా రాసే డబ్ల్యూబ్లాక్ కమాండ్‌తో లైబ్రరీ ఫైలు మీదే మళ్లీ రాయాలి.

అసలు చిక్కు బ్లాకులో బ్లాకు ఉన్నప్పుడు వస్తుంది. తిరుపతిలో యాత్రికుల లాడ్జీ ప్లాను గీసేవారికి ఇది తప్పదు, ఎందుకంటే అంతస్తు నిండా ఒకే రకం గదులు, ప్రతి ‘గది’ బ్లాకులో ఒక ‘టాయిలెట్ తలుపు’ బ్లాకు ఉంటాయి. తలుపును 2 అడుగుల 3 అంగుళాల నుండి 2 అడుగుల 6 అంగుళాలకు పెంచి, గోడలోని ఖాళీని కూడా ఆ మేరకు వెడల్పు చేసి, లైబ్రరీ ఫైలును సేవ్ చేశారనుకుందాం. లాడ్జీ డ్రాయింగులో ఇన్సర్ట్ ద్వారా ఆ ఫైలును చూపిస్తే, బ్లాకును తిరిగి నిర్వచించాలా అని అడుగుతుంది, మీరు అవునంటారు. గోడ ఖాళీలు అన్ని గదుల్లోనూ పెరుగుతాయి, తలుపులు మాత్రం పాతవే ఉంటాయి. మీ అంగీకారం వెలుపలి బ్లాకుకే వర్తిస్తుంది. లోపలి బ్లాకు పేరు డ్రాయింగులో అప్పటికే ఉంటే, ఆ డ్రాయింగు తన నిర్వచనాన్నే నిలుపుకొని కొత్తదాన్ని వదిలేస్తుంది. మహా అయితే కమాండ్ లైన్‌లో ‘డూప్లికేట్ డెఫినిషన్ ఇగ్నోర్డ్’ అన్న ఒక వరుస కనిపించి పైకి జరిగిపోతుంది. గోడ మారింది కనుక అంతా మారిందని నమ్ముతాము. మిగిలిన 3 అంగుళాల సందు 1:100 ప్రింటులో ముక్కాలు మిల్లీమీటరు మాత్రమే కాబట్టి, అది చివరికి వడ్రంగి కంట పడుతుంది.

పరిష్కారం లోపలి నుండి మొదలు కావాలి. కంట్రోల్, 2 నొక్కి ఇతర ఫైళ్లలోని బ్లాకులను చూపే డిజైన్ సెంటర్ తెరిచి, లైబ్రరీ ఫైలు కింద బ్లాకుల జాబితాలో ‘టాయిలెట్ తలుపు’ మీద రైట్ క్లిక్ చేసి ‘రీడిఫైన్ ఓన్లీ’ ఎంచుకోండి. వెలుపలి ‘గది’ని అప్పటికే తిరిగి నిర్వచించకపోతే, దానికి కూడా ఇదే చేయండి. తర్వాత ఒక గదిలో తలుపు వెడల్పును డిస్టెన్స్ కమాండ్‌తో కొలవండి, కంటితో చూసి సరిపెట్టుకోవద్దు.

వేరే ఆఫీసు ప్లాను నుండి కాపీ చేసి అతికించినప్పుడు వారి తలుపు మీ తలుపు రూపంలోకి మారిపోవడానికి కూడా కారణం ఇదే. అందరూ ‘డోర్1’ అనే పేరు పెడితే మరేమవుతుంది? అతికించే ముందే రీనేమ్ చేయండి.

బ్లాకుకు కొత్తగా చేర్చిన గది నంబరు అట్రిబ్యూట్ (ప్రతి ప్రతిలో వేరే విలువ ఇవ్వగల అక్షరాల గడి) పాత ప్రతుల్లో కనిపించకపోతే, ప్రతులను నిర్వచనంతో సరిచేసే అట్‌సింక్ కమాండ్ నడపండి. ఉన్న విలువలు అలాగే ఉంటాయి, కానీ చేత్తో జరిపిన అక్షరాలు నిర్వచనంలోని స్థానానికి వెళ్లిపోతాయి. డైనమిక్ బ్లాక్ (చొప్పించాక కూడా కొలతలు, రూపం మార్చుకోగల బ్లాకు) ఒక్కటి మొండికేస్తే, దాన్ని మొదటి రూపానికి తెచ్చే రీసెట్ బ్లాక్ కమాండ్ చాలు. ఫైలు పాడవడం అరుదు. అనుమానముంటే ఫైలులోని లోపాలను వెతికే ఆడిట్ కమాండ్‌ను ఒకసారి నడిపి చూడండి.