బడి నల్లాలో సీసం పరీక్ష: ఆ పొద్దున నల్లా ఎవరూ విప్పొద్దు

బడులు మూసే ముందు మా కాలనీ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రెండు రిపోర్టులు వచ్చాయి. బడి పేరు రాయను. ఒకే వాటర్ కూలర్, ఒకే నల్లా. జనవరిలో బడివాళ్లు చేయించిన రిపోర్టులో సీసం (లెడ్) "బీడీఎల్", అంటే పరికరానికి అందేంత లేదని. ఏప్రిల్‌లో ఒక తండ్రి అదే నల్లా నీళ్లు ఇంకో ల్యాబ్‌లో ఇస్తే పరిమితి దాటి వచ్చింది. గ్రూపంతా ల్యాబుల మీద పడింది. ఎవరో డబ్బులు తిన్నారని కూడా అన్నారు. నేను పన్నెండేళ్లు నీళ్ల ల్యాబ్‌లో పని చేశాను, శాంపిళ్ల కోసం ఈ ఊళ్లో ఎన్నో బడులు తిరిగాను. నాకు అనుమానం వేరే చోట ఉంది. వెళ్లి వాచ్‌మన్‌ను అడిగాను, జనవరిలో శాంపిల్ ఎలా తీశారని. "ల్యాబోళ్లు వచ్చే ముందు నల్లా మంచిగ కడిగినం సార్, రెండు బకెట్ల నీళ్లు ఇడిసిపెట్టినం" అన్నాడు.

చూడాల్సింది రాత్రంతా నల్లాలో నిలిచిన నీళ్లు. అవి ఆ రెండు బకెట్లలోనే పోయాయి. సీసాలోకి ఎక్కింది ఆ తర్వాత ట్యాంకు నుంచి దిగిన కొత్త నీళ్లు. రెండు ల్యాబుల్లో ఏదీ అబద్ధం చెప్పలేదు, రెండిట్లోకీ వెళ్లిన నీళ్లే వేరు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పిల్లలు మాత్రం ఆ కూలర్ నీళ్లే తాగారు, చేతిలో మంచి రిపోర్టు ఉంది కదా అని.

జూన్‌లో బడులు తెరుస్తారు. ఈసారి పరీక్ష చేయిస్తామని చాలా మేనేజ్‌మెంట్లు చెబుతున్నాయి. మంచిదే. కానీ ముందే నల్లా విప్పి చేసే పరీక్ష కంటే అసలు చేయించకపోవడమే నయం. పరీక్ష లేకపోతే కనీసం అనుమానమైనా మిగులుతుంది.

సీసానికి రంగు, వాసన, రుచి లేవని, మరిగిస్తే పోదని, నీళ్లలో లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్‌కు అందదని మీకు తెలిసే ఉంటుంది. వాటి జోలికి పోను.

సీసం ఎక్కడ కలుస్తుంది

నల్లగొండ ఫ్లోరైడ్ మనందరికీ తెలుసు. అది భూమిలోంచే వచ్చింది, బోరు నుంచి ఎన్ని బకెట్లు తోడినా అదే నీళ్లు. సీసం సంగతి అలా ఉండదు. మంజీరా నీళ్లయినా, కృష్ణా నీళ్లయినా, గోదావరి నీళ్లయినా, బోరు నీళ్లయినా, సాధారణంగా సీసం కలిసేది బడి గేటు లోపలే. రాత్రంతా కదలకుండా నిలిచిన నీళ్లలోకి ఇత్తడి నల్లా నుంచి, అతుకుల దగ్గర టంకం నుంచి, పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపు పూత నుంచి కొంచెం కొంచెంగా దిగుతుంది. పైకి వెండిలా మెరిసే క్రోమ్ నల్లా కూడా లోపల చాలా వరకు ఇత్తడే. మర మీద కోయడం సులువవుతుందని ఇత్తడిలో సీసం కలుపుతారు. పీవీసీ పైపుల తయారీలో ప్లాస్టిక్ చెడకుండా కలిపే సీసం స్టెబిలైజర్ల మీద కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అంతకు ముందు కట్టిన బిల్డింగులో ఎలాంటి పైపు ఉందో గోడ పగలగొడితే గానీ తెలియదు.

ఆర్వో ప్లాంట్ ఉంది కదా, మాకేం భయం అనే బడులకు ఒక మాట. ఆర్వో సీసాన్ని చాలా వరకు తీసేస్తుంది, నిజమే. కానీ ఆర్వో నుంచి వచ్చే నీళ్లలో లవణాలు తక్కువ, కాస్త ఆమ్ల గుణం కూడా ఉంటుంది. అలాంటి నీళ్లు లోహాన్ని ఇంకా తొందరగా తింటాయి. ప్లాంట్ మేడ మీద పెట్టి, ఆ నీళ్లను పాత పైపులోంచి దింపి, చివర ఇత్తడి నల్లా బిగించారంటే తీసేసిన సీసాన్ని మళ్లీ కలుపుతున్నట్టే. ప్లాంట్ దగ్గర పట్టిన నీళ్లు పరీక్షకు ఇచ్చి ఊరుకోవద్దు. పిల్ల నోటికి అందే నల్లా దగ్గర పట్టాలి.

మొదటి సీసా

మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. ఇంత చిన్న లెక్కలో నల్లా ఒక్క నిమిషం వదిలినా ఫలితం తారుమారు కావచ్చు.

మొదటి ట్రిప్పు బస్సు ఏడున్నరకు వస్తుంది. అందులోంచి రెండో తరగతి పిల్ల దిగుతుంది. ఇంట్లో సరిగ్గా తినే టైం లేక వచ్చిన పిల్ల. బ్యాగు గోడకు ఆనించి, స్టీలు బాటిల్ మూత పళ్లతో తీసి, కూలర్ నల్లా కింద పెట్టి నొక్కుతుంది. రాత్రంతా నల్లాలో నిలిచిన నీళ్లు ముందుగా వెళ్లేది ఆ బాటిల్‌లోకే. ఖాళీ కడుపులో సీసం ఇంకా ఎక్కువగా ఒంటికి పడుతుంది. మామూలుగానే చిన్నపిల్లల ఒంటికి పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లలకు మరీ. అది ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. చదువు, ధ్యాస, మాట దెబ్బతింటాయి. బయటికి మాత్రం పిల్ల "కొంచెం మందకొడి" అన్నట్టే కనిపిస్తుంది.

ఆ పిల్ల పట్టుకునే నీళ్లనే మనం పరీక్షించాలి. అందుకే బడులకు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే పద్ధతిలో సీసా కొలత 250 మిల్లీలీటర్లు, దాదాపు ఒక గ్లాసు. కనీసం 8 గంటలు, ఎక్కువలో ఎక్కువ 18 గంటలు నల్లా ముట్టుకోకుండా ఉంచి, మొదటి ధార నేరుగా సీసాలోకి పట్టాలి. ముందు ఒక్క చుక్క కూడా కింద పోకూడదు.

ఈ తప్పు మన దగ్గరే జరుగుతుందని అనుకోవద్దు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం 2014లో నీళ్ల వనరు మార్చి, పైపులు తినకుండా కలపాల్సిన మందు కలపకపోవడంతో ఇళ్లలోకి సీసం దిగింది. అక్కడ కూడా శాంపిల్‌కు ముందు రోజు రాత్రి నల్లా కాసేపు వదలమని జనానికి చెప్పారు. చివరికి 2016 ఫిబ్రవరిలో ఈపీఏ దేశమంతటికీ చెప్పాల్సి వచ్చింది: ముందుగా నల్లా వదలొద్దు, నల్లా మూతికున్న జాలీ తీయొద్దు, వెడల్పు మూతి సీసా వాడండి.

మన దగ్గర ఇది ఎందుకు జరుగుతుందో కూడా చెప్తాను. నీళ్ల పరీక్ష అనగానే మనకు గుర్తొచ్చేది బ్యాక్టీరియా. బ్యాక్టీరియా శాంపిల్‌కు నల్లా రెండు మూడు నిమిషాలు వదలాలి, మూతిని మంటతో కాల్చాలి, ఆ తర్వాతే పట్టాలి. శాంపిల్ తీసే కుర్రాళ్ల చెయ్యి ఆ పనికి అలవాటు పడి ఉంటుంది. సీసం పరీక్షకు కూడా అదే చేసేస్తారు. రెండూ ఒకే రోజు తీయిస్తుంటే సీసం సీసా ముందు, బ్యాక్టీరియా సీసా తర్వాత. ల్యాబ్‌కు ఫోన్ చేసినప్పుడే ఈ మాట చెప్పండి, వచ్చాక ఇంకోసారి చెప్పండి.

ముందు సాయంత్రం, ఆ పొద్దున

సాయంత్రం బడి వదిలాక పిల్లలు తాగే ప్రతి నల్లాకూ, వంటగది నల్లాకూ అడ్డంగా టేపు చుట్టండి. "రేపు శాంపిల్, ముట్టుకోవద్దు" అని తెలుగులో, ఉర్దూలో, హిందీలో రాసి అంటించండి. ఏ టైంకు చుట్టారో దాని మీదే రాయండి. కాగితం చాలదు. వాచ్‌మన్ ముఖం కడుక్కునేది ఎక్కడో, ఆయమ్మ ఆరింటికి తడిగుడ్డ పెట్టడానికి బకెట్ నింపేది ఎక్కడో, తోటమాలి పైపు తగిలించేది ఎక్కడో అడిగి, వాళ్లకు ఆ ఒక్క పొద్దుకు డ్రమ్ములో నీళ్లు నింపి పెట్టండి. నీళ్లు లేకుండా పని మొదలుపెట్టమంటే వాళ్లు నల్లా విప్పక ఏం చేస్తారు? తప్పు వాళ్లది కాదు, చెప్పని మనది.

ల్యాబ్ మనిషి పదకొండుకు వస్తానంటే వద్దనండి. అప్పటికి ఇంటర్వెల్ అయిపోయి వందమంది తాగేసి ఉంటారు. ఆరున్నరకు రమ్మనండి, లేదా సీసాలు ముందే తెప్పించుకుని బడివాళ్లే పట్టి పంపండి. సీసాలు ల్యాబ్ ఇచ్చినవే వాడాలి. కొన్నిట్లో అడుగున ముందే యాసిడ్ వేసి ఉంటుంది, కడిగితే పోతుంది. మన వాళ్లకు ఏ గిన్నె అయినా ఒకసారి తొలిపి పట్టడం అలవాటు. ఇక్కడ తొలపొద్దు.

నల్లాల వరుస ఉంటే పైపు ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపు నల్లాతో మొదలుపెట్టండి. చివరి నల్లా ముందు విప్పితే మిగతా వాటి ముందున్న నీళ్లు కూడా కదిలిపోతాయి. ప్రతి నల్లా దగ్గరా మొదటి సీసా పట్టాక, 30 సెకన్లు వదిలి రెండో సీసా పట్టండి. మొదటిదాంట్లో ఎక్కువ, రెండోదాంట్లో తక్కువ వస్తే దోషం నల్లాలోనో, దాని పక్క ఫిట్టింగులోనో ఉంది. రెండిట్లోనూ ఎక్కువ ఉంటే వెనక పైపునో, కూలర్‌నో, ట్యాంకునో చూడాలి. ఈ రెండో సీసా ఖర్చుకు వెనకాడి బిల్డింగ్ పైపులన్నీ మార్చిన బడిని చూశాను. చెడింది నల్లా ఒక్కటే.

రిపోర్టు చేతికొచ్చాక

"బీడీఎల్" అని ఉంటే సంబరపడే ముందు ఆ డిటెక్షన్ లిమిట్, అంటే పరికరం పట్టుకోగల అతి తక్కువ మోతాదు, ఎంతో అడగండి. ఫ్లేమ్ ఏఏఎస్ అనే పాత పద్ధతిలో 0.01 దాకా చూడటం కష్టం. ఆ పరికరానికి అందలేదంటే లేదని అర్థం కాదు. అంత తక్కువ కూడా కొలిచే ఐసీపీ-ఎంఎస్ పద్ధతి గానీ, గ్రాఫైట్ ఫర్నేస్ పద్ధతి గానీ కావాలని ముందే చెప్పండి. ల్యాబ్‌కు ల్యాబులను తనిఖీ చేసి ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉంటే చాలదు, ఆ గుర్తింపు జాబితాలో తాగునీటిలో సీసం ఉందో లేదో చూడాలి.

0.012 చూసి "అబ్బే, సున్నానే కదా" అనొద్దు. అది పరిమితి దాటినట్టే. కొన్ని రిపోర్టులు మైక్రోగ్రాముల్లో ఉంటాయి, అప్పుడు పరిమితి 10. యూనిట్ చూడకుండా గ్రూపులో ఫార్వర్డ్ చేయొద్దు.

ఇక మిగిలినవి, ఏది గుర్తొస్తే అది రాస్తున్నాను.

ఎండాకాలం సెలవుల్లో పైపుల్లో నిలిచిన నీళ్లు పిల్లలకు ఇవ్వొద్దు. తెరిచే ముందు రెండు రోజులు ప్రతి నల్లా వదలండి, కూలర్ లోపలి ట్యాంకు ఖాళీ చేయండి, సంపు, పై ట్యాంకు కడిగించండి. ఇది కడగడం. పరీక్ష వేరు. పరీక్ష ఓ వారం మామూలుగా వాడిన తర్వాత. ఈ రెండూ కలిపేసి, పరీక్ష రోజు పొద్దున నల్లా వదలొద్దు.

పరీక్షకు సోమవారం పెట్టుకోవద్దు. ఆదివారం మొత్తం నిలిస్తే 18 గంటలు దాటిపోతుంది. దసరా, సంక్రాంతి సెలవుల మర్నాడూ వద్దు.

ముందు రోజు రాత్రి కూడా నల్లా ప్రత్యేకంగా వదలొద్దు. రోజూ ఎలా వాడతారో అలాగే.

జాలీ తీయొద్దు. కడగాలనిపిస్తే శాంపిల్ అయ్యాక కడగండి.

ధార సన్నగా పెట్టి పట్టొద్దు. పిల్లలు ఎంత విప్పుతారో అంతే విప్పండి.

ఒక్క నల్లా పరీక్షించి బడి అంతా బాగుందనొద్దు. ప్రతి నల్లాకూ నంబరు వేయండి, ఆ నంబరే సీసా మీద రాయండి.

శాంపిల్ పట్టేటప్పుడు ఒక తల్లో తండ్రో పక్కన ఉండాలి. ప్రభుత్వ బడి అయితే బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ నుంచి ఒకరు రండి. వీడియో తీయండి, టేపు విప్పడం దగ్గర నుంచి.

ఎవరైనా అలవాటుగా నల్లా విప్పేస్తే సర్దుకుపోవద్దు. ఆ నల్లా ఆ రోజుకు వదిలేయండి. మర్నాడు పట్టండి.

"పర్లేదు సార్, ఒక గ్లాసే కదా పోయింది" అంటారు. ఆ గ్లాసే కావాలి మనకు.

సీసం బయటపడితే నీళ్లు మరిగించి పిల్లలకు ఇవ్వొద్దు. నీళ్లు ఆవిరై సీసం ఇంకా చిక్కబడుతుంది.

పొద్దున్నే నల్లా కాసేపు వదిలి తర్వాత పిల్లలను తాగనిస్తే సరిపోతుందని మేనేజ్‌మెంట్ అంటే, నల్లా మార్చేదాకా నాలుగు రోజులకు ఒప్పుకోండి. ఏడాదికి ఒప్పుకోవద్దు. నీళ్లు నిలిచిన ప్రతిసారీ సీసం మళ్లీ దిగుతుంది.

కొత్త నల్లా బిగించాక మళ్లీ పరీక్ష చేయించాలి. కొత్తది కూడా ఇత్తడే కావచ్చు.

పిల్లల రక్తం పరీక్ష పిల్లల డాక్టరు చెబితేనే. వేలి చుక్కతో ఎక్కువ వస్తే కంగారు పడకుండా నరం నుంచి తీయించి మళ్లీ చూడండి, వేలి మీద దుమ్ము కూడా లెక్కలోకి వస్తుంది.

రిపోర్టులో సీసం ఎక్కువ వచ్చిన నల్లాకు "తాగరాదు" అని బోర్డు పెట్టి ఊరుకోవద్దు. ఒకటో తరగతి పిల్లాడు బోర్డు చదవడు. ఆ సాయంత్రమే ప్లంబర్‌ను పిలిచి, దాని పిడి ఊడదీయించి, ప్రిన్సిపల్ గారి బీరువాలో పెట్టి తాళం వేయండి.