నిర్మాణ స్థలంలో ప్రమాదం జరిగితే నివేదిక, విచారణ ఎలా చేయాలి?

నేను చూసిన ప్రమాద నివేదికల్లో ఎక్కువవాటికి ‘కారణం’ అనే గడిలో ‘కార్మికుని నిర్లక్ష్యం’ అని రాసి ఉంటుంది. ఆ మాట రాశారంటే విచారణ జరగలేదనే అర్థం. కర్నూలు, ఆదోని, నంద్యాల వైపు రోడ్లు, పైపులైన్లు, అపార్ట్‌మెంట్ల పనుల్లో సైట్ ఇంజినీర్లుగా, సూపర్‌వైజర్లుగా, చిన్న కాంట్రాక్టర్లుగా ఉన్నవారి కోసం ఈ పని వరుసను వివరిస్తాను. మొదటినుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఆదోని వైపు నల్లరేగడి నేలలో మురుగునీటి పైపు కోసం రెండున్నర మీటర్ల లోతు కందకం తవ్వుతుండగా పక్క కూలి, లోపల పైపు సరిచేస్తున్న కార్మికుడు నడుము దాకా మట్టిలో కూరుకుపోయాడనుకుందాం.

సిద్ధంగా ఉంచుకోవలసినవి కొద్దిపాటివే: పేజీలకు అంకెలు వేసిన బైండు నోటుబుక్కు, బాల్‌పెన్ను, 5 మీటర్ల టేపు, హెచ్చరిక రిబ్బను, ఛార్జింగు ఉన్న ఫోను, ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, కార్మిక శాఖ అధికారుల నంబర్లు రాసిన అట్ట. విడి కాగితాల మీద రాయకూడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశాన్ని నివేదికగా లెక్కించకూడదు.

మొదట మనిషి. జేసీబీ ఇంజను ఆపించాలి, 108కి ఫోన్ చేయాలి, అంచున నిలబడ్డవారిని వెనక్కి పంపాలి. ఒక ఘనమీటరు మట్టి ఒకటిన్నర నుంచి రెండు టన్నుల దాకా బరువు ఉంటుంది కాబట్టి ఆత్రంగా మరొకరు దూకితే రెండో పక్క కూడా కూలవచ్చు. పలకలతో పక్కలను నిలబెట్టిన తర్వాతే దిగి, చేతులతో, చిన్న పారలతో మట్టి తీయాలి. కూరుకుపోయిన మనిషిని చేతులు పట్టి లాగడం, యంత్రపు బకెట్టుతో మట్టి తోడడం చేయరాదు.

తర్వాత సమాచారం పంపాలి. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 10వ సెక్షన్ ప్రకారం మరణం సంభవించినా, గాయపడినవారు 48 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ కాలం పనికి రాలేకపోయినా అధికారులకు నోటీసు ఇవ్వాలి. అంతకుముందున్న భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం, 1996లోని 39వ సెక్షన్‌లోనూ అదే 48 గంటల కొలత ఉండేది. ఆ పాత చట్టం కింద వచ్చిన 1998 కేంద్ర నియమాలు మరణమైతే 4 గంటలు, తక్కిన ప్రమాదాలకు 72 గంటలు గడువు పెట్టాయి. గాయం పెద్దదని అనిపిస్తే నాలుగు గంటల గడువునే పాటించాలి. మరణమో తీవ్ర గాయమో అయితే 2020 నాటి సామాజిక భద్రత కోడ్ (2025 నవంబరు దాకా 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం) కింద పరిహారం చూసే అధికారికి ఏడు రోజుల్లో వేరుగా నివేదిక పంపాలి. విద్యుత్ ప్రమాదాన్ని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలి. ఎవరికీ దెబ్బ తగలకపోయినా క్రేను ఒరిగినా, మట్టి కూలినా అది కూడా నివేదికకు ఎక్కవలసిన ఘటనే. గాయపడిన కార్మికుడిని మర్నాడే బస్సెక్కించి సొంత ఊరికి పంపి, 48 గంటల లెక్క దాటలేదని రాయడం కొన్నిచోట్ల అలవాటైంది. అది చట్టాన్ని తప్పించుకోవడమే కాదు, అతని పరిహారాన్ని కూడా దెబ్బతీస్తుంది.

స్థలాన్ని రిబ్బనుతో మూయాలి. దూరం నుంచి దగ్గరకు వస్తూ ఫొటోలు తీయాలి, ప్రతి దగ్గరి ఫొటోలోనూ టేపు కనిపించాలి. కందకం లోతు, వెడల్పు, అంచు నుంచి మట్టి కుప్పకు ఉన్న దూరం, నిచ్చెన ఎక్కడుందో, జేసీబీ చక్రాల జాడలు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలిచి, చేత్తో పటం గీయాలి. ఫొటో ఎంత బాగున్నా చేతిపటం తప్పనిసరి, ఎందుకంటే గీసేటప్పుడే కొలవడం మరిచిపోయినవి గుర్తుకొస్తాయి. మరణం జరిగితే పోలీసుల పంచనామా పూర్తయ్యేవరకు దేనినీ కదపరాదు.

ఇక్కడిదాకా ఎవరైనా చేయగలరు. విచారణ నిలబడేదీ పాడయ్యేదీ సాక్షులతో మాట్లాడే దగ్గరే. ఈ మెట్టును తొందరగా దాటేయాలనుకునేవారు విచారణ బాధ్యత తీసుకోకపోవడమే మేలు.

అదే రోజు, పని మనుషుల ఆటోలు బయలుదేరకముందే మాట్లాడాలి. రాత్రి షెడ్డులో అందరూ కూర్చుని మాట్లాడుకున్నాక, ఎవరి ఒత్తిడీ లేకపోయినా, పదిమంది జ్ఞాపకాలూ కలిసి ఒకే కథ అవుతాయి. మేస్త్రీ ఒత్తిడి కూడా తోడైతే ఆ కథ గాయపడినవాడి మీదికే మళ్లుతుంది. ఒక్కొక్కరితో విడిగా, ఆఫీసు బల్ల ముందు కాకుండా నీడపట్టున, మేస్త్రీగానీ కాంట్రాక్టరుగానీ వినిపించుకోలేనంత దూరంలో కూర్చోవాలి. చెప్పినందుకు కూలి పోదని మొదటే హామీ ఇవ్వాలి. ఆ హామీని కాంట్రాక్టరు చేత ముందుగా ఒప్పించి ఉండాలి. ఒప్పించలేకపోతే సాక్షికి ఆ మాట చెప్పకూడదు, ఎందుకంటే ఒక్కసారి మాట తప్పితే ఆ సైట్‌లో మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

మొదటి ప్రశ్న ఒక్కటే ఉండాలి: “పొద్దున పనిలోకి వచ్చినప్పటి నుంచి ఏం జరిగిందో చెప్పప్పా.” అతను ఆగేదాకా మధ్యలో మాట్లాడరాదు. “పక్క పగులుతుంటే చూడలేదా?”, “హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదు?” వంటివి ప్రశ్నల రూపంలో ఉన్న నిందలు; అవి వినగానే మనిషి తనను కాపాడుకునే జవాబులోకి వెళ్లిపోతాడు. అందుకే సాక్షిని అడిగేటప్పుడు ‘ఎందుకు’ అనే మాటను పూర్తిగా వదిలేసి, ‘ఎట్లా’, ‘అప్పుడు ఏం చేశావు’, ‘నీకు అక్కడి నుంచి ఏం కనిపించింది’ అని అడగాలి. గడియారపు సమయం అడిగితే అందరూ ఊహించి చెబుతారు. టీ రాకముందా తర్వాతా, మధ్యాహ్నం అజాన్ వినిపించిందా, నీళ్ల ట్యాంకరు వచ్చి వెళ్లిందా అని అడిగితే సమయం దానంతటదే తేలుతుంది.

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి వచ్చినవారిలో కన్నడం మాట్లాడేవారుంటారు, కర్నూలులో ఉర్దూ, పెద్ద పనుల్లో హిందీ, ఒడియా వినిపిస్తాయి. మనిషి తన భాషలో చెప్పాలి, కానీ మేస్త్రీని దుబాసీగా పెట్టుకోరాదు; పనితో సంబంధం లేని మరొకరిని పిలిపించుకోవాలి. మట్టి మోసే ఆడవాళ్లను తప్పకుండా అడగాలి. వారు రోజంతా అంచు మీదే నడుస్తారు, పగులు ఎప్పుడు పడిందో అందరికన్నా ముందు చూసినవారు చాలాసార్లు వారే, అయినా నివేదికల్లో వారి మాట కనిపించదు. జేసీబీ డ్రైవరును కూడా వదలరాదు. గాయపడినవారిని డాక్టరు అనుమతించిన తర్వాత, నొప్పి తగ్గాకే కలవాలి.

చెప్పినది చెప్పిన మాటల్లోనే రాసి, చదివి వినిపించి, అతను దిద్దమన్నచోట ఒక్క గీతతో కొట్టివేసి పక్కన రాసి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఖాళీ కాగితం మీద సంతకం ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోరాదు. వీడియో తీయడం మంచిదని ఈమధ్య కొందరు వాదిస్తున్నారు. ఫోను ఎత్తగానే సాక్షి ఫోనుతో మాట్లాడతాడు, మనతో మాట్లాడడు, నోటుబుక్కే సరైనది. ఇద్దరు సాక్షుల మాటలు పొసగకపోతే రెండూ అలాగే ఉంచాలి. వాటిని కలిపి ఒక మధ్యేమార్గపు వాక్యం రాస్తే, ఇద్దరూ చెప్పని మూడో సంగతి నివేదికలోకి వస్తుంది.

‘ఎందుకు’ అనే ప్రశ్న ఇప్పుడు రావాలి, అదీ కాగితాన్ని అడగాలి. పొద్దున్నుంచి జరిగినవన్నీ ఒక గీత మీద వరుసగా రాసి, ఒక్కొక్కదాని కింద అది అలా జరగడానికి ఏ పరిస్థితి వీలిచ్చిందో రాయాలి. ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడిగే పద్ధతిని చాలామంది మెచ్చుకుంటారు గానీ అది ఒకే దారిలో తీసుకుపోతుంది, ప్రమాదాలకేమో కారణాలు మూడు నాలుగు వైపుల నుంచి వస్తాయి. మన ఉదాహరణలో నల్లరేగడి ఎండినప్పుడు నిట్టనిలువుగా నిలబడి నమ్మిస్తుంది, కానీ అందులో పగుళ్లుంటాయి, వాన నీరు అందులోకి దిగితే పక్క ఊడిపడుతుంది. తవ్వకం పనుల భద్రతకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 3764 ప్రకారం 1.5 మీటర్లు దాటిన కందకానికి పలకల ఆనుబడి, అంటే పక్కలు కూలకుండా ఆపే ఆధారం, ఉండాలి. తవ్విన మట్టి అంచు నుంచి కనీసం 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో ఉండాలి. అవతలి పక్క రోడ్డు మీద బండ్లు తిరుగుతున్నందున మట్టిని అంచునే పోశారా? ఆనుబడికి అంచనాలో పద్దు లేక, మీటరు లెక్కన పని తీసుకున్న సబ్‌కాంట్రాక్టరు దానిని వదిలేశాడా? రాత్రి వాన పడినా పొద్దున కందకాన్ని పరీక్షించే బాధ్యత ఎవరికీ అప్పగించలేదా? ఇవి దొరికాక ‘నిర్లక్ష్యం’ అనే మాటకు నివేదికలో చోటుండదు.

దిద్దుబాట్లలో ‘జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించాము’ అని రాయరాదు. ఆనుబడికి వేరు పద్దు, మట్టి పోయడానికి వేరు చోటు, 1.2 మీటర్లు దాటిన కందకంలో ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన, వాన పడిన మర్నాడు దిగేముందు పరీక్ష. ప్రతి ఒక్కదాని పక్కన బాధ్యుని పేరు, తేదీ, ఖర్చు ఉండాలి. నివేదికను పొద్దున పని మొదలయ్యేముందు అందరికీ వారి భాషల్లో చదివి వినిపించాలి. తేదీ వచ్చిన రోజున కొత్త కందకం దగ్గరికి స్వయంగా వెళ్లి, పలకలు, నిచ్చెన, మట్టి దూరం టేపుతో కొలిచి, అదే నోటుబుక్కులో రాసి సంతకం చేసిన తర్వాతే ఆ ఫైలును మూయాలి.