ఒక్కరి మాటకే డబ్బంతా అటు పోతోందా? మోడల్‌లో తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

హన్మకొండలో మేం నలుగురం ఎవరి డబ్బు వాళ్లే ఫండ్లలో పెట్టుకుంటాం, లెక్క మాత్రం ఒకే ఎక్సెల్ ఫైల్‌లో చేసుకుంటాం. వాడేది ఏ ఫండ్‌లో ఎంత పెట్టాలో తేల్చడానికి పనికొచ్చే బ్లాక్-లిట్టర్‌మన్ మోడల్. మార్కెట్‌లో ఇప్పుడున్న వాటాల నుంచి వెనక్కి లెక్కగట్టి ఒక రాబడి అంచనా తీస్తుంది, ఆ అంచనాలో తెలిసినవాళ్ల అభిప్రాయాన్ని నమ్మకం మేరకు కలుపుతుంది. మాకు తగిలిన ఇబ్బందులు, వాటిని సరిచేసుకున్న తీరు ఇదీ.

సమస్య: ఒక్క అభిప్రాయం ఎక్కించగానే మిగతావన్నీ ఖాళీ

మార్కెట్ లెక్కలో ఒక ఫండ్‌కు సగటున 11 శాతం వచ్చింది. బ్యాంకులో చేసి రిటైరైన మా మామయ్య 18 అన్నారు. "అటూ ఇటూ ఎంత ఉండొచ్చు మామయ్యా" అని అడిగితే "16కు తగ్గదు, 20 దాటదు" అన్నారు. అదే ఎక్కించాం, మోడల్ 17.5 చూపించింది, అంటే దాదాపు మొత్తం మామయ్య మాటే.

కారణం 18 కాదు, ఆ 16-20. ఫండ్ ఊగిసలాట ఏడాదికి 20 శాతం అనుకుందాం, దాని వర్గం 400, దీన్నే వేరియన్స్ అంటారు. మార్కెట్ అంచనాను ఎంత సందేహించాలో చెప్పే అంకె టౌ, అది 0.05 అనుకుంటే ఆ అంచనా వేరియన్స్ 0.05 × 400 = 20. మామయ్య హద్దుల వెడల్పు 4. పదిలో తొమ్మిదిసార్లు ఈ మధ్యే ఉంటుందన్న అర్థంలో తీసుకుంటే దాన్ని 3.3తో భాగించాలి (తొమ్మిదిసార్లు పట్టే వెడల్పు మామూలు ఊగిసలాటకు సుమారు 3.3 రెట్లు ఉంటుంది), 1.2 వస్తుంది, దాని వర్గం సుమారు 1.5. ఇక మామయ్య మాటకు పడే బరువు 20/(20 + 1.5), అంటే 93 శాతం.

పరిష్కారం: అడిగే తీరు మార్చండి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి నడిపే మా బాబాయిని మిర్చి ధర అడిగితే ఒక్క అంకె చెప్పడు, సరుకు ఎంత వస్తోంది, తేమ ఎంత, కోల్డ్ స్టోరేజీల్లో నిల్వ ఎంత అని ముందు ఆయనే అడిగి, అప్పుడు బాగా ఎడం ఉన్న రెండు అంకెలు చెప్తాడు. మామయ్యను కూడా "మీ లెక్క పూర్తిగా తప్పితే ఎంత దాకా పడొచ్చు" అని ముందు అడిగాం, 8 నుంచి 28 అన్నారు. వెడల్పు 20, భాగిస్తే 6, వర్గం 36, బరువు 36 శాతం, రాబడి 13.5. ఇది నమ్మదగ్గ అంకె.

దీంతోపాటు ఒక నోట్‌బుక్ పెట్టండి, నాకు ఇది మోడల్ కంటే ముఖ్యం. తేదీ, ఆయన అంచనా, మార్కెట్ అంచనా పక్కపక్కన రాసి, ఏ అంచనా ఎంత దూరంలో తప్పిందో చూడండి. ఒక్క ఏడాది చూసి ఎవరినీ తప్పుపట్టొద్దు, ఫండే 20 శాతం ఊగుతుంది కదా. చాలా ఎంట్రీల తర్వాత కూడా ఆయన అంచనా మార్కెట్ లెక్కకంటే దగ్గరగా లేకపోతే, మొహమాటం లేకుండా హద్దులు పెంచేయండి.

సమస్య: ఎంత చెప్పినా అంకె కదలదు

పై లెక్కలోనే 13.5 రావాల్సిన చోట 11.3 వస్తే, ఫండ్ వేరియన్స్ నెలవారీది, అభిప్రాయం ఏడాదిది అయి ఉంటుంది. వేరియన్స్‌ను 12తో గుణించండి. "మిడ్‌క్యాప్ (మధ్యస్థాయి కంపెనీల షేర్లు) లార్జ్‌క్యాప్ (పెద్ద కంపెనీల షేర్లు) కంటే 3 శాతం మెరుగు" అన్నదాన్ని మిడ్‌క్యాప్‌కు 3 శాతం రాబడిగా ఎక్కించారేమో కూడా చూడండి, మేం ఆ తప్పు రెండుసార్లు చేశాం.

సమస్య: ముగ్గురు ఒకే మాట అన్నారు, అయినా తప్పింది

ముగ్గురూ ఒకే టీవీ చర్చ చూసి చెప్పుంటారు. వాళ్ల పొరపాట్ల మధ్య సహసంబంధం (ఎంత కలిసి కదులుతాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.8 ఉంటే ముగ్గురూ కలిసి 1.15 మందితో సమానం. అలాంటివాళ్లను ఒక్క అభిప్రాయంగానే ఎక్కించండి.

సమస్య: ఒక్క శాతం మారిస్తే వాటాలు తలకిందులు

ఇది రాబడి, రిస్క్ రెండూ చూసి వాటాలు తేల్చే, 1952లో ఆర్థికవేత్త మార్కోవిట్జ్ మొదలుపెట్టిన పద్ధతికి ఉన్న పాత జబ్బు. రెండు ఫండ్లకు ఊగిసలాట సమానంగా ఉండి, సహసంబంధం 0.95, రాబడి చెరో 12 అయితే వాటాలు సగం సగం. ఒకదాన్ని 13 చేయండి, దానికి 128 శాతం, రెండోదానికి మైనస్ 28 (అంటే చేతిలో లేనిదాన్ని అమ్మమని) వస్తుంది! రెండూ దాదాపు ఒకటే సరుకు కాబట్టి ఒకదాన్ని తీసేయండి. తీయలేకపోతే మైనస్ రాకుండా హద్దు పెట్టండి.

సమస్య: రిస్క్ హద్దులోనే ఉన్నాం, నష్టం మాత్రం హద్దు దాటింది

అత్యంత చెడ్డ 5 శాతం నెలల సగటు నష్టాన్ని హద్దుగా పెట్టుకున్నాం. 60 నెలల డేటాలో 5 శాతం అంటే మూడే నెలలు. పైగా డేటా 2020 ఏప్రిల్ నుంచి తీసుకున్నాం, నిఫ్టీ దాదాపు 23 శాతం పడిన మార్చి నెల అందులో లేనే లేదు.

ఇప్పుడు ఆ నెలను చేత్తో కలుపుతున్నాం. మా అక్క రిటైర్‌మెంట్ డబ్బు 10 లక్షలు ఉంది, మోడల్ షేర్లకు 60 శాతం ఇచ్చింది. అలాంటి నెల మళ్లీ వస్తే 1,38,000 రూపాయలు పోతాయని చూపించాను. "లక్ష దాటితే నాకు నిద్ర పట్టదురా" అంది. లక్షను 0.23తో భాగిస్తే 4.35 లక్షలు, అందుకే అక్క ఫైల్‌లో, ఎవరు ఏ అభిప్రాయం చెప్పినా, షేర్ల వాటా 43 శాతం దాటదు.