సాగు లెక్కల నోట్‌బుక్ – 4వ పాఠం: సబ్సిడీ మన చేతిని ఎటు తిప్పుతోంది?

పోయిన పాఠంలో ఖర్చుల పేజీకి తేదీ, సరుకు, ఎన్ని బస్తాలు, ధర అని నాలుగు గడులు గీసుకున్నాం. ఈరోజు ఐదో గడి గీయండి: "నగదా, ఉద్దెరా?" పేజీ నెత్తిన రైతు భరోసా, అంటే ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం, ఖాతాలో పడిన తేదీ రాయండి.

ఆ తేదీ ఎందుకంటే, తెలంగాణలో 2018లో పంటకు ఎకరాన 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు తర్వాత 5,000 అయింది, 2025లో రైతు భరోసాగా 6,000కు పెరిగింది. ఎంత పడిందో అందరికీ గుర్తే. ఎప్పుడు పడిందో మాత్రం రాసుకోం. విత్తనాలు కొనేముందు పడితే నాలుగు షాపులు తిరిగి, బేరమాడి తెచ్చుకుంటాం. నాట్లయ్యాక పడితే అప్పటికే ఉద్దెర రాయించి, షాపతను ఇచ్చిన మందే తెచ్చుకొని ఉంటాం. వచ్చిన డబ్బులో కొంత వడ్డీకే పోతుంది.

ఇంకో సబ్సిడీ మన ఖాతాలో కనబడదు, ఎరువు బస్తా ధరలోనే ఉంటుంది. 45 కిలోల యూరియా 266 రూపాయల 50 పైసలు, 50 కిలోల డీఏపీ 1,350. 2010లో మిగతా ఎరువులకు పోషకాల లెక్కన సబ్సిడీ పెట్టినప్పుడు యూరియాను అందులో కలపలేదు, దాని ధర ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. అందుకే పైరు కాస్త పాలిపోతే చెయ్యి యూరియా మీదికే పోతుంది, పొటాష్ మీదికి పోదు. తప్పు రైతుది అనను. ధర అలా పిలుస్తోంది.

ఇప్పుడు లెక్క కడదాం. యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని, డీఏపీ బస్తాలో 9 కిలోలు. వానాకాలం వరికి ఎకరాకు 40 నుంచి 48 కిలోలు చాలు. ఒక డీఏపీ, ఒకటిన్నర యూరియా వేస్తే 40 వచ్చేస్తుంది. అదే డీఏపీతో మూడు యూరియాలు వేస్తే 71.

ఎక్కువ పడిన ఒకటిన్నర బస్తా ఖరీదు 400 రూపాయలే. కానీ అక్కడ ఆగకండి. నత్రజని ఎక్కువైతే పైరు గుబురుగా, మెత్తగా పెరిగి సుడిదోమను, అగ్గితెగులును పిలుచుకుంటుంది. అదే పేజీలో కిందికి రండి. మందు డబ్బాలు, స్ప్రే కూలీ ఎంతయ్యాయి? ఆ వరసలను యూరియా వరసతో ఎర్ర పెన్నుతో కలపండి. నేను మొదటిసారి ఆ గీత గీసిన రోజు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

అభ్యాసం: పోయిన రెండు వానాకాలాల బిల్లులు తీయండి. ఎకరాకు నత్రజని ఎంత పడిందో, ఉద్దెర ఎంత పెట్టారో పక్కపక్కన రాయండి. వచ్చే పాఠంలో ఉద్దెర మీద వడ్డీ కడదాం. షాపు చిట్టీలు దాచిపెట్టుకోండి.