15 పదాలతో జ్ఞాపకశక్తి ప్రయోగం: పదకొండో తరగతి సైకాలజీ ప్రాక్టికల్

సీబీఎస్ఈ సైకాలజీలో థియరీకి 70 మార్కులు, ప్రాక్టికల్‌కు 30. ఆ 30 కోసం సీనియర్ల రికార్డు చూసి దించేసినవాళ్లు వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ఇట్టే దొరికిపోతారు. దానికన్నా నిజంగా చేయడమే తేలిక. ఈ ప్రయోగానికి కాగితాలు, ఒక ఫోను, 12 మంది ప్రయోజ్యులు (ప్రయోగంలో పాల్గొనేవాళ్లు) చాలు. ఒక్కొక్కరికి పది నిమిషాల చొప్పున రెండు గంటల పని.

వరుసగా వినిపించిన పదాల్లో మొదటివి, చివరివి బాగా గుర్తుంటాయి, నడిమివి జారిపోతాయి. ఇదే వరుస స్థాన ప్రభావం. 1966లో గ్లాంజర్, క్యూనిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పదాలు వినిపించాక 30 సెకన్లు అంకెలు లెక్కపెట్టించారు. చివరి పదాలకున్న లాభం పోయింది, మొదటివాటిది నిలిచింది. మనం చూడబోయేదీ ఇదే.

అసలు కష్టమంతా జాబితాల దగ్గరే. ‘అ’, ‘ఆ’ అని రెండు జాబితాలు, ఒక్కోదానిలో 15 పదాలు రాసుకోండి. అన్నీ రోజూ వాడే మూడక్షరాల నామవాచకాలే కావాలి: గొడుగు, నాగలి, తలుపు, దువ్వెన లాంటివి. పలక, చిలక పక్కపక్కన పెడితే ప్రాసే గుర్తుచేసేస్తుంది. దానిమ్మ, పనస, అరటి అన్నీ ఒకే జాబితాలో ఉంటే ఒకటి తట్టగానే మిగతావీ వచ్చేస్తాయి, స్థానం సంగతి తేలదు. మధ్యలో ‘పిశాచి’ లాంటి పదం వద్దే వద్దు. వింతగా ఉన్నది ఎక్కడున్నా గుర్తుంటుంది. దీన్ని 1933లో వివరించిన వాన్ రెస్టార్ఫ్ పేరు మీదే పిలుస్తారు, వైవాకు పనికొస్తుంది.

ఫోన్లో మెట్రోనోమ్ యాప్ (సమంగా దెబ్బలు కొట్టేది) నిమిషానికి 30 దెబ్బలకు పెట్టి, శబ్దం మీకే వినిపించేలా ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. దెబ్బకో పదం, అంటే రెండు సెకన్లకొకటి. గొంతు చివరిదాకా ఒకే తీరున ఉండాలి. చివరి పదం దగ్గర స్వరం దించితే జాబితా అయిపోయిందని ముందే తెలిసిపోతుంది.

ప్రయోజ్యుణ్ని ఒంటరిగా కూర్చోబెట్టండి. ఇది తెలివితేటల పరీక్ష కాదనీ, వద్దనుకుంటే మధ్యలో ఆపేయవచ్చనీ చెప్పి ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. రికార్డులో పేరు బదులు సంఖ్య వేయండి. ముందు అయిదు పదాలతో ఒక నమూనా చేయించాలి. పదాలు వినిపిస్తున్నంతసేపూ పెన్ను బల్ల మీదే ఉండాలి.

ఒక జాబితా అయిన వెంటనే రాయమనండి. వరుస పట్టింపు లేదు, గడువు రెండు నిమిషాలు. ఇంకో జాబితా తర్వాత మాత్రం 587 నుంచి మూడేసి తగ్గిస్తూ 30 సెకన్లు పైకి లెక్కపెట్టించి, అప్పుడు రాయించండి. తెలుగు అంకెల్లో తడబడితే ఇంగ్లిష్‌లో చెప్పినా పర్వాలేదు, ఆగకూడదంతే. ఎక్కువమంది ప్రయోగం చెడేది ఈ 30 సెకన్లలోనే. ఊరికే కూర్చోనిస్తే మనసులో పదాలు వల్లెవేసుకుంటారు, చివరి పదాలు చెక్కుచెదరవు.

అందరికీ ఒకే క్రమం పెట్టకండి. ఏ జాబితా ముందు, ఏ పద్ధతి ముందు అన్నవి మారిస్తే నాలుగు అమరికలొస్తాయి. ఒక్కోదానికి ముగ్గురు. 12 మందిని తీసుకోమన్నది అందుకే.

ఇక లెక్క. ఒక్కో స్థానంలోని పదం ఎంతమందికి గుర్తొచ్చిందో లెక్కించి శాతం కట్టండి. 12లో 9 మందికైతే 75. అడ్డంగా 1 నుంచి 15 స్థానాలు, నిలువుగా శాతం వేసి, ఒకే గ్రాఫ్‌లో రెండు గీతలు గీయండి: వెంటనే రాసినదానికొకటి, అంకెలు లెక్కపెట్టాక రాసినదానికొకటి. ఒక్కరి ఫలితంతో గీస్తే ఎగుడుదిగుడుగా వస్తుంది, దాన్నిబట్టి ఏమీ తేలదు.

చర్చలో కారణం రాయాలి: మొదటి పదాలను వల్లెవేసుకునే వ్యవధి ఎక్కువ కాబట్టి దీర్ఘకాలిక స్మృతిలోకి చేరతాయి, చివరివి ఇంకా స్వల్పకాలిక స్మృతిలో ఉండగానే రాసేస్తారు. స్వతంత్ర చరాంశాలు (మనం మార్చేవి) రెండు, పద స్థానం, రాసేముందు విరామం. పరతంత్ర చరాంశం (మనం కొలిచేది) గుర్తొచ్చిన శాతం. పని కాగానే ‘ఎలా గుర్తుపెట్టుకున్నావు?’ అని అడిగి, ప్రయోజ్యుడి మాటల్లోనే రాసుకోండి. కొందరు పదాలతో కథ అల్లుకున్నామంటారు. నడిమి పదాలు ఎక్కువగా రాసింది వాళ్లేనేమో చూడండి.

గ్రాఫ్ పుస్తకంలోలా రాకపోతే అంకెలు దిద్దకండి. ఏడో పదం దగ్గర గీత ఎందుకు లేచిందని ఎగ్జామినర్ అడిగితే, జాబితా తీసి ఆ పదమేమిటో చూపించి జవాబు చెప్పవచ్చు.